మలుపు చివర కుర్చీ

మొన్న కంటి దవాఖానలో నాకు ఒక పరీక్ష చేశారు. మసక గదిలో గిన్నెలాంటి యంత్రానికి గడ్డం ఆనించి కూర్చోబెట్టి, చేతికి ఒక మీట ఇచ్చి, నడుమ వెలుగుతున్న పసుపు చుక్కనే చూస్తూ ఉండాలనీ, పక్కన ఎక్కడ మెరుపు కనిపించినా మీట నొక్కాలే తప్ప చూపును మాత్రం అటు పోనివ్వకూడదనీ, ఆ పరీక్ష చేసే అమ్మాయి ఓపికగా చెప్పింది. మన ఈడు వాళ్ళలో చాలామందికి ఇది అనుభవమయ్యే ఉంటుంది. మెరిసిన వైపు కన్ను పరుగెత్తడం దాని స్వభావం గనుక, దాన్ని పట్టి నిలపడం మనం అనుకున్నంత సులువు కాదు. పరీక్ష అయిపోయాక ఆ అమ్మాయి తన కాగితం చూసుకుని, పెద్దవాళ్ళెవరూ ఇంత నిలకడగా కూర్చోరు అంకుల్, ఇది ఎక్కడ నేర్చుకున్నారని నవ్వుతూ అడిగింది. మోటారుసైకిల్ మీద నేర్చుకున్నానమ్మా అన్నాను. వేళాకోళమనుకుంది పాపం. తరువాత కళ్ళలో చుక్కలు వేసి బయట బెంచీ మీద కూర్చోబెడితే, మూసిన రెప్పల వెనక ఒక తెల్లని రాయి, దాని నుదుట ఎర్రని బిళ్ళ, ఎప్పటిలాగే వచ్చి నిలబడ్డాయి.

ఆ రాయి మా తమ్ముడిది.

నేను కాటేదాన్‌లో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో పనిచేసి, మైలార్‌దేవ్‌పల్లిలో కిరాయి ఇంట్లో ఉంటూ, ఆదివారాలు మాత్రం శంషాబాద్ అవతలి మా ఊరికి పోయి వచ్చేవాణ్ణి. స్టోర్సు మనిషిని కాబట్టి ఏ వస్తువు ఎక్కడ ఉండాలో అక్కడే ఉండాలనే పట్టుదల ఒకటి, మొదటి జీతం నాటి నుంచి రోజూ డైరీ రాసే అలవాటు ఒకటి నాకు అంటుకున్నాయి. తమ్ముడు ఊళ్ళోనే ఉండి బంతి, చామంతి పండించి, మబ్బుల, తెల్లవారకముందే లేచి బండి మీద రెండు పక్కలా పూల మూటలు కట్టుకుని పట్నం మార్కెట్టుకు పోయేవాడు. వాడి బండి పోయిన దారి తెల్లవారినాక కూడా తెలిసేది, రాలిన రేకులను బట్టి.

విమానాశ్రయం తెరిచిన ఏడాది మా చుట్టుపక్కల భూములు చూస్తుండగానే చేతులు మారాయి. మా ఊరి నుంచి పెద్ద రోడ్డుకు గీత గీసినట్టు తిన్నగా పోయే దారికి అడ్డంగా ఎవరిదో వెంచర్ గోడ లేచింది. గోడ దాకా వచ్చిన దారి దాన్ని తప్పించుకోవడానికి కుడికి తిరిగింది. పుట్టినప్పటి నుంచి కళ్ళు మూసుకుని తిన్నగా పోయిన దారి అది. ఆ గోడ లేచిన కొత్తలోనే, పొగమంచు ఉన్న ఒక వేకువన, తమ్ముడు పూల మూటలతో సహా ఆ గోడ మొదట్లో పడిపోయాడు. ఆ రోజు నా డైరీ పేజీలో పొద్దున చాయ్ తాగిన సంగతి వరకే ఉంది. మిగిలినదంతా తెలుపు.

మా వైపు ఆనవాయితీ ఏమిటంటే, దారిలో మనిషి పోతే, పోయిన చోట ఒక రాయి పాతి సున్నం కొట్టి బొట్టు పెడతారు. ఇంట్లో పోతే ఇల్లే గుర్తు. దారిలో పోయినవాడికి ఆ కాస్త చోటన్నా ఉండాలని. అమ్మ పట్టుబట్టి దశదినం నాడే రాయి పాతించింది, మలుపు బయటి అంచున, గోడకు ఆనుకుని, వాడు పడ్డ చోటనే. ప్రతి పండుగకూ తన చేత్తోనే సున్నం కొట్టేది. పోయినవాళ్ళకు పెట్టే పెత్రామాస నాడు వాడికిష్టమైన వంకాయ కూర, అన్నం విస్తట్లో పెట్టి వచ్చేది. రెండో ఏడాది అనుకుంటాను, వాడి బండి వెనకదీపం పగిలిపోగా మిగిలిన ఎర్ర బిళ్ళను ఆ రాయి నుదుట సిమెంటుతో అతికించమంది. చీకట్లో వచ్చేవాళ్ళకు మెరిసి కనబడితే, అయ్యో ఇక్కడ ఒకడు పోయాడని తెలుసుకుని మెల్లగా పోతారని ఆమె ఆలోచన. ఇందులో తప్పు పట్టడానికి ఏముంది? నాకూ ఎంతో సబబుగా తోచింది.

కాని ఆ మలుపులో జనం పడుతూనే ఉన్నారు. పాలు పోసే అతను పడ్డాడు, పెళ్ళికి పోయే మొగుడూ పెళ్ళాలు పడ్డారు, పక్క ఊరి కుర్రాడొకడు చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. దేవుడి దయవల్ల ప్రాణాలు పోలేదు గాని, అందరూ ఒక్కచోటనే, రాయికి మూర ఇటు, మూర అటు పడ్డారు. దాంతో ఊళ్ళో ఒక మాట పుట్టింది. "గాయన పిలుస్తుండట. ఒక్కనికి తోస్తలేదంట" అని. పొద్దుగూకితే ఆ దారిన పోవడం మానుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆ మాట చెవిన పడ్డ రోజు అమ్మ వాకిట్లో నిలబడి, "చీమకు గూడ హాని చెయ్యని పోరడు, మందిని పడగొడ్తడా? మీ నోట్లె మన్ను వడ" అని వీధి వీధంతా తిట్టింది. లోపలికి వచ్చి కూర్చున్నాక మాత్రం, ఎవరితోనో అన్నట్టు, "ఉన్నడంటున్నరు గద. గా మాటన్న ఉన్నది" అంది. దయ్యాలను నమ్మే మనిషిని కాను నేను. కాని కొడుకు దయ్యమైనా సరే, ఉంటే చాలని కోరుకునే తల్లిని అంత దగ్గర నుంచి చూడటం వేరు.

ఇక తమ్ముడి బిడ్డ సంగతి చెప్పాలి. ఇంజనీరింగ్ కాలేజీలో చేరిన ఏడాది, మూలన పడి ఉన్న తండ్రి బండిని బాగు చేయించుకుని దాని మీదనే పోయి వస్తానంది. మా మరదలు ఏడ్చింది, అమ్మ అన్నం మానేసింది, అయినా ఆ పిల్ల తండ్రి పోలికే, పట్టిందే పట్టు. కొన్నాళ్ళు బాగానే నడిచింది. ఒక సాయంత్రం మోకాలు గీరుకుపోయి, ఒక చెప్పుతో ఇంటికి వచ్చింది. నేను ఆ వేళకు ఇంట్లోనే ఉన్నాను. మలుపులో రాయి పక్కకు బండి దిగిపోయిందట. ఎట్లా జరిగిందని అడిగితే తల వంచుకుని, "బాపు నన్నే చూస్తున్నట్టు అనిపిస్తది పెద్దబాపు. నేను సుత చూస్త. గంతే" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని డైరీలో ఉంది, ఎందుకని మాత్రం రాసుకోలేదు.

బండి తాళం దాచిపెట్టడం మా మరదలి ఉపాయం. అది పనికిరాదని నాకు తెలుసు. అప్పటికే నేను ముందుగానే రిటైర్మెంటు తీసుకుని, ఊరికి వచ్చేసి ఖాళీగా ఉన్నాను. ఆ పిల్లే ఒక దారి చెప్పింది. రావిర్యాల దాటినాక, రోడ్లన్నీ వేసి ప్లాట్లు అమ్ముడుపోక పడి ఉన్న ఒక పెద్ద లేఅవుట్‌లో, నెలకొక ఆదివారం పొద్దున బండ్లవాళ్ళు చేరి, మలుపులు ఎట్లా తిప్పాలో నేర్చుకుంటారట. ట్రాక్ డే అంటారట దాన్ని. ఆ పిల్లకు తోడుగా నేను పోయాను.

అక్కడికి పోయి చూస్తే ఇళ్ళు లేని కాలనీ. కరెంటు స్తంభాలున్నాయి, తీగలు లేవు. నంబర్లు రాసిన రాళ్ళున్నాయి, మనుషులు లేరు. గాలికి గడ్డి ఊగే చప్పుడు తప్ప ఏమీ లేని ఆ వీధుల్లో, ఒళ్ళంతా తోలు తొడుక్కున్న సాఫ్ట్‌వేర్ పిల్లలు పెద్ద పెద్ద బండ్లతో నిలబడి ఉన్నారు. మా పిల్ల పూల బండి వాటి మధ్యన గుర్రాల నడుమ మేకలా ఉంది. నేర్పే ఆయన్ను అందరూ ఉస్తాద్ అనేవారు. ఒకప్పుడు పందేల్లో పోయినవాడు, పాతబస్తీ మనిషి, నాకంటే పదేళ్ళన్నా చిన్న. ముందు అందరి బండ్ల అద్దాలకూ, దీపాలకూ టేపు అంటించేశాడు. పడితే గాజు రోడ్డు మీద పడకుండా అట. అద్దాలెందుకంటే, "ఎన్కకు చూసుడు ఇయ్యాల బంద్" అన్నాడు. తరువాత బండ్లు ఎక్కనివ్వకుండా, ప్రతి మలుపునూ అందరిచేతా కాలినడకన నడిపించాడు. వంగి, బండి మీద కూర్చుంటే కన్ను ఎంత ఎత్తున ఉంటుందో అంత ఎత్తు నుంచి చూడమన్నాడు. ముగ్గు పిండితో గుర్తులు పెట్టాడు: ఇక్కడికల్లా బ్రేకు వేయడం ముగిసిపోవాలి, ఇక్కడ తిప్పడం మొదలుపెట్టాలి, లోపలి అంచును ఇక్కడ రాసుకుంటూ పోవాలి, ఇక్కడ మెల్లగా ఎక్సిలేటర్ ఇస్తూ బయటికి రావాలి. బయటి అంచు నుంచి లోపలికి, లోపలి నుంచి మళ్ళీ బయటికి సాగే ఆ గీతను వాళ్ళు లైన్ అంటారు.

మా పిల్ల ప్రతి మలుపులోకి వంగినప్పుడల్లా నేను గట్టు మీద నిలబడి భద్రం, భద్రం అని అరుస్తున్నాను. రెండో చుట్టుకే ఉస్తాద్ వచ్చి నా ముందు నిలబడ్డాడు. "చాచా, గట్టు మీదికెల్లి మొత్తుకునేటోళ్ళు నాకు వద్దు. ఎక్కుతే బండెక్కుండ్రి, లేకుంటే ఇంట్ల పండుండ్రి" అన్నాడు. పిల్లలంతా నవ్వారు. నాకు పౌరుషం వచ్చింది. మరుసటి నెలకు నా పాత స్కూటరు ఇచ్చేసి ఒక చిన్న మోటారుసైకిల్ సంపాదించి, మోకాళ్ళకు క్రికెట్టు వాళ్ళు కట్టుకునే ప్యాడ్లు కట్టుకుని నేనూ దిగాను.

నేను పద్ధతిగా నేర్చుకునేవాణ్ణి. ఇంటికి వచ్చి ఆ రోజు నేర్చింది రాసుకునేవాణ్ణి. భుజాలు బిగించకు. ట్యాంకును మోకాళ్ళతో పట్టు, చేతులతో కాదు. బండి నిటారుగా ఉండగానే బ్రేకు. తొందరపడి తిప్పకు, మలుపు పూర్తిగా కనబడేదాకా ఆగు. రోడ్డు మీద పోయేటప్పుడు ఈ గీతంతా మన సగంలోనే, ఎదురుగా వచ్చేవాడి సగం వాడిది. అన్నీ వచ్చాయి గాని ఒకటి మాత్రం ఎంతకూ రాలేదు. ప్రతి మలుపులోనూ చివరికి బయటి అంచుకు కొట్టుకుపోతున్నాను.

అప్పుడు ఉస్తాద్ ఒక పని చేశాడు. చాయ్ తాగేచోటి నుంచి ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెప్పించి, మలుపు బయటి అంచున, గడ్డిలో పెట్టించాడు. కుర్చీకి దూరంగా పోండి, అంతకంటే ఏమీ చెప్పను అన్నాడు. దారి ఎంత వెడల్పుందో, కుర్చీ ఎంత పక్కనుందో చూస్తే ఎవడైనా నవ్వుతాడు. కాని ఒకడి తరువాత ఒకడు, అంత పెద్ద బండ్ల పిల్లలు కూడా, కుర్చీ వైపే జారిపోయారు. నేనైతే నేరుగా పోయి దాన్ని గుద్ది, దాని పక్కనే గడ్డిలో కూలబడ్డాను. ఉస్తాద్ తాపీగా నడుచుకుంటూ వచ్చి, "కూసుంట అని చెప్తే మేమే ఏస్తుంటిమి గద చాచా కుర్చీ, బండేసుకొని రావాల్నా?" అన్నాడు. అందరితో కలిసి నేనూ నవ్వాను. నవ్వు ఆగాక ఆయన నా హెల్మెట్ మీద వేలితో కొట్టి చెప్పిన మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "బండి మీ చేతుల మాట ఇనదు. కండ్ల మాట ఇంటది. భయమున్న దిక్కు చూస్తే భయం దిక్కే పోతది. ఏడికి పోవాల్నో ఆడ చూడుండ్రి."

తరువాత అదే కుర్చీని తీసుకుపోయి మలుపు దాటినాక, దారి మళ్ళీ తిన్నగా అయ్యే చోట పక్కన పెట్టించాడు. ఇప్పుడు కుర్చీనే చూస్తూ పొండి అన్నాడు. అందరం దారం పట్టి లాగినట్టు మలుపు తిరిగి అక్కడికి చేరాం.

తిరుగు ప్రయాణంలో నేనూ ఆ పిల్లా జల్‌పల్లి మీదుగా వచ్చాం. ఇంటికి పోకుండా నేరుగా మా మలుపు దగ్గరికి పోయాం. ఉస్తాద్ నేర్పినట్టే బండ్లు దూరంగా ఆపి, ఊరి వైపు నుంచి నడిచాం, వంగి కన్ను ఆ ఎత్తుకు తెచ్చుకుని చూశాం. బూడిదరంగు గోడ, ఎర్రమట్టి, తుమ్మచెట్లు, వాటన్నిటి నడుమ తెల్లగా సున్నం కొట్టిన రాయి, ఎండకు నిప్పులా మెరుస్తున్న బిళ్ళ. ఇంకేమీ కనబడటం లేదు. ఇంకెటూ చూడలేకపోతున్నాం. తమ్ముడు పిలుస్తున్నాడని ఊరు అన్న మాట ఒక విధంగా అక్షరాలా నిజం. మేం వాడికి అంత తెల్లగా గొంతు ఇచ్చి, పడే చోట కూర్చోబెట్టాం. ఆ పిల్ల రాయి మీద చెయ్యి వేసి ఏడ్చింది. "గట్లయితే బాపు పిలుస్తలేడు కదా" అని అడిగింది. లేదమ్మా అన్నాను. ఆ మాటకు ఊరట ఎంత కలిగిందో, ఏదో పోగొట్టుకున్నట్టూ అంతే కనబడింది దాని ముఖంలో. నాకూ అట్లాగే ఉంది.

రాయిని జరపాలి. ఇది చెప్పగానే అమ్మ ముఖం రాయి అయిపోయింది. "వాడు పడ్డ జాగ గదరా. గాడనే ఉంటడు. జరిపితే వానికి ఇంటి దారి దొర్కది" అంది. కుర్చీ గురించి చెప్పాను, కన్ను గురించి చెప్పాను. ముసలిదాన్ని పట్టుకుని కుర్చీల కథ చెప్తున్నావా అని కోప్పడింది. బిళ్ళ తీసేద్దామంటే కూడా ఒప్పుకోలేదు. ఆమెకు తెలియకుండా చేయడం మాకు చేతకాలేదు. ఈలోపల ఆ పిల్ల రోజూ ఆ మలుపులో నుంచే కాలేజీకి పోయి వస్తుంటే, మేమంతా సాయంత్రం బండి చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చునేవాళ్ళం.

చివరికి ఆ పిల్లే నాయినమ్మను ట్రాక్ డే చూడటానికి రమ్మంది. అమ్మ ఉస్తాద్‌ను నాలుగు మాటలు అడిగి వస్తానని, ఆడపిల్లను ఇట్లాంటి పనులకు ఎగదోస్తావా అని అడుగుతానని ఆటో ఎక్కింది. అడగనే అడిగింది కూడా. ఉస్తాద్ చేతులు కట్టుకుని అంతా విని, "తిట్టినంక కూసోని చూడమ్మా" అని ఆ ఎర్ర కుర్చీనే తెచ్చి, మలుపు దాటిన చోట, దారికి బాగా దూరంగా, ఇసుక బస్తాల వెనక వేశాడు. అమ్మ తెల్లచీర కొంగు నెత్తిన కప్పుకుని కూర్చుంది. నేను ఆమె పక్కన నిలబడ్డాను, ఈసారి అరవకుండా.

మా పిల్ల దూరం నుంచి వచ్చింది. మలుపుకు ముందే వేగం తగ్గింది, తల మా వైపు తిరిగింది. ముందు తల, తరువాత భుజాలు, ఆ తరువాత బండి. మలుపంతా ఆ హెల్మెట్ అద్దం మా మీద నుంచి కదల్లేదు. బండి వంగి, లోపలి అంచును తాకినట్టే తాకి, మళ్ళీ లేచి, మా ముందు నుంచి సాగిపోయింది. అమ్మ నా చెయ్యి ఎప్పుడు పట్టుకుందో తెలియదు. ఆ పిల్ల మళ్ళీ వచ్చింది, మళ్ళీ మళ్ళీ వచ్చింది, ప్రతిసారీ అట్లాగే.

ఇంటికి వస్తూ ఆటోలో అమ్మ నెత్తిన కొంగు సర్దుకుంది. తరువాత, "పోరి నన్ను చూసుకుంటనే వచ్చె" అంది. ఇంకొంత దూరం పోయాక, "వాన్ని గూడ గిట్లనే కూసోబెట్టుండ్రి. మలుపు దాటినంక. మంది వాన్ని చూసుకుంట దాటిపోని" అంది.

ఆ ఏటి పెత్రామాస నాడు రాయిని తవ్వి తీసి, మలుపు చివర, దారి మళ్ళీ తిన్నగా అయ్యే చోట, గట్టు పక్కన పాతాం. అమ్మ సున్నం కొట్టింది, బొట్టు పెట్టింది, విస్తరి పెట్టింది. ఇక్కడి నుంచి ఇంటి దారి ఇటు అని వేలితో చూపించి మరీ చెప్పింది వాడికి. పాత చోట గోడ మొదట్లో ఒక గుంట మిగిలితే నేను మట్టి కప్పాను. ఆ మలుపును మొదట తిరిగినవాణ్ణి నేనే. తల కుడికి తిప్పి, మలుపంతా ఆ రాయినే చూస్తూ బండి వంచాను. ఎండ వాలుతోంది. చెప్తే నవ్వుతారేమో, పూల మూట దించడానికి అన్న వస్తాడని గట్టు మీద గొంతుకూర్చుని ఎదురుచూసే మా తమ్ముడి లాగానే ఉంది అది. బిళ్ళ ఒకసారి మెరిసింది. నేను దాన్ని దాటుకుని చాలా దూరం పోయి గాని బండి ఆపలేకపోయాను.

ఆ తరువాత ఆ మలుపులో ఎవరూ పడినట్టు మేం వినలేదు. ఊరి మాట కూడా మారింది. గాయన చెయ్యి పట్టి దాటిస్తుండు అన్నారు. అమ్మ ఆ మాటను ఎవరు అన్నా ఇంకోసారి అనిపించుకునేది.

రెండేళ్ళకు ఆ వెంచర్ గోడ పడగొట్టి, దారిని వెడల్పు చేసి, మునుపటిలాగా తిన్నగా చేశారు. రాయి రోడ్డు కిందికి వస్తుందని, పనివాళ్ళు మర్యాదగా వచ్చి ఎక్కడ పెట్టమంటారని అడిగారు. నేనూ మరదలూ ఏదో చోటు చెప్పబోతుండగా అమ్మ ఆపింది. కొబ్బరికాయ కొట్టించి, "అందరు సక్కగ పోతున్నరు. ఇగ వాని పని అయిపోయింది" అని రోడ్డును ఆ రాయి మీదుగానే పోనివ్వమంది. తారు పోసిన రోజు మాత్రం ఆమె ఇంట్లో నుంచి బయటికి రాలేదు. ఆమె పోయి కూడా ఇప్పటికి చాలా ఏళ్ళయింది. రావిర్యాల దగ్గరి ఆ లేఅవుట్ నిండా ఇప్పుడు ఇళ్ళే, ముగ్గు పిండి గీతల మీద గేట్లు లేచాయి. ఉస్తాద్ ఎక్కడున్నాడో తెలియదు.

మొన్న దవాఖాన నుంచి నన్ను తీసుకుపోవడానికి తమ్ముడి బిడ్డే వచ్చింది, బండి మీద. ఇద్దరు పిల్లల తల్లి ఇప్పుడు. చుక్కలు వేసిన కళ్ళకు ఎండ సూదుల్లా గుచ్చుతుంటే వెనక కూర్చుని దాని భుజం పట్టుకున్నాను. మా ఊరి దారి ఎక్కాం. ఊరి నుంచి పోతే కుడి మలుపు, ఊరికి వస్తుంటే ఎడమ మలుపు ఉండేది అక్కడ. ఇప్పుడు నాలుగు బండ్లు పక్కపక్కన పోయేంత వెడల్పున, ఎక్కడా వంకర లేని రోడ్డు. ఎవరూ దేన్నీ చూడనక్కర్లేకుండా, రయ్యిమని పోతున్నారు. మంచిదే. ఇట్లాంటి రోడ్డు ఆ రోజే ఉంటే నాకు ఇప్పుడు తమ్ముడు ఉండేవాడు.

అయినా ఆ చోటికి రాగానే నా మెడ దానంతట అదే ఎడమకు తిరిగింది. వెలుగుకు చెదిరిన కళ్ళకు అక్కడ తెల్లగా ఏదో కనబడ్డట్టే ఉంది, లేనట్టూ ఉంది. ముందు చూస్తే, ఆ పిల్ల హెల్మెట్ కూడా ఎడమకే తిరిగి ఉంది. బండి ఒక వెంట్రుకవాసి అటు వంగి, మళ్ళీ సర్దుకుని తిన్నగా సాగింది.